ఆవాలు కావు

“కండ్లు నెత్తికెక్కినయా నీకు? పొద్దుగాల్ల అలికిన జాగ ఇది. మల్ల ఆవాలు ఒలకబోసినవ్,” అంది గుర్వమ్మ, చేతిలోని చీపురు గోడకు ఆనించి.

కోడలు ఈదమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతోంది. తల తిప్పకుండానే, “నేను ఆవాల కుండ ముట్టలే అత్తా. నిన్న పోపే పెట్టలే,” అంది.

“ముట్టకుంటె ఏడికెల్లొచ్చినయి? ఆవాలకు కాళ్ళొచ్చి నడుస్తున్నయా?”

“ఎలుక తెచ్చిందేమొ.”

“ఎలుకకు గూడ నెల తప్పిందేమొ. నీ తీరుగనే నోరు చప్పగున్నదేమొ.”

వాకిట్లో ఎడ్లకు చొప్ప వేస్తున్న మామ కాటమయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ ఇంట్లో ఈ ఆవాల తగాదా కొత్తది కాదు. గుర్వమ్మ గింజను నేలపాలు కానివ్వని మనిషి. రజాకార్లు ఊరిమీద పడి గాదెలు ఊడ్చుకుపోయిన రోజుల్లో చింతగింజలు ఉడకబెట్టి ఇంటిల్లిపాదికీ పెట్టింది. అందుకే గొణుగుతూనే వంగి, నేలమీది నల్లటి గింజలను వేలికొసతో ఏరి, కొంగుతో దుమ్ము తుడిచి, మళ్ళీ ఆవాల కుండలోనే వేసింది.

ఆ పూట పప్పుకు పోపు పెట్టింది ఆమే. నూనె కాగింది. కొన్ని ఆవాలు చిటపటలాడి పేలాయి. కొన్ని పేలలేదు. నూనెలో నల్లగా అట్లాగే మునిగి ఉన్నాయి. “అంగట్ల అన్నీ కల్తీ మాలే,” అని తిట్టుకుంటూ ఆ పోపును పప్పులో ఒంపింది. అందరూ తిన్నారు.

తెలుగు ఇంట్లో పోపు పెట్టని ఆడది ఉండదు. కాగిన నూనెలో పేలనిది ఆవగింజ కాదని మనలో ఎవరికి తెలియదు? గుర్వమ్మకూ తెలుసు. కానీ అది ఆవగింజ కాకపోతే మరేమిటని ఆమె ఆగి అడగలేదు. మన ఇళ్ళలో ఆడదాని ఒంటి సంగతి ఇట్లాగే పప్పులో కలిసిపోతూ ఉంటుంది.

వాళ్ళ ఊరు దేవరకొండ తాలూకాలో, పాలమూరు జిల్లా పొలిమేరకు దగ్గర. రాతిగుట్టలు, తుమ్మలు, వాన పడితే పండే చెలకలు. పోలీసు చర్య జరిగిన తర్వాత అది రెండో ఎండాకాలం. కాటమయ్య ఒక్కగానొక్క కొడుకు పర్వతాలు దొరలమీద లేచిన సంఘంలో తిరిగి, గుట్టల్లో దళంతో ఉండి, పట్టుబడి, జైలునుంచి కిందటి దసరాకు ఇల్లు చేరినవాడు. ఈదమ్మకు ఇప్పుడు ఆరో నెల. పెళ్ళయి చాలా కాలానికి నిలిచిన కడుపు. గుర్వమ్మ నోటితో ఎంత తిట్టినా, కోడలికి రోజూ తాగడానికి చెంబెడు పాలు విడిగా దాచేది.

తగాదా జరిగిన మర్నాడు మధ్యాహ్నం గుర్వమ్మ కుండ పట్టుకుని ఇంటి వెనక్కి పోయింది. స్నానాల బండమీద ఈదమ్మ కూర్చుని ఉంది. ఎడమ కాలు కుడి మోకాలిమీద పెట్టుకుని, నీళ్ళు పోసుకుంటూ, అరికాలిని బొటనవేళ్ళతో ఒత్తుతోంది.

గుర్వమ్మ అక్కడే నిలబడిపోయింది.

అది పాదంలా లేదు. మడమకు, వేళ్ళకు మధ్య మాంసం గుట్టలా లేచి ఉంది. దానిమీద బొడిపెలు. బొడిపె బొడిపెకూ ఒక చిన్న నోరు. ఈదమ్మ ఒత్తినప్పుడల్లా ఆ నోళ్ళలోంచి పచ్చటి రసి కారుతోంది. రసితో పాటు నల్లటి గింజలు ఒక్కటొక్కటిగా వచ్చి బండమీద పడుతున్నాయి.

“ఏమే ఇది,” అంది గుర్వమ్మ.

ఈదమ్మ గబుక్కున చీర కుచ్చిళ్ళు పాదంమీదికి లాక్కుంది. “కాయ లేసింది అత్తా. నొప్పి లేదు.”

“ఎప్పటి సంది?”

“శాన్నాళ్ళాయె. శెనగగింజంత ఉండె. కడుపైనంక పెద్దగైంది.”

“కడియం ఏది?”

“ఎక్కుత లేదు. తీసి పెట్టెల పెట్టిన.”

“ఎందుకు చెప్పలేదే ముండా.”

ఈదమ్మ కొంచెం ఆలోచించింది. “నొప్పి లేకపాయె. పని ఆగకపాయె. ఏమని చెప్పాలె?”

గుర్వమ్మ వంగి బండమీది గింజ ఒకటి తీసుకుంది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. గట్టిగా ఉంది. నిన్న ఏరింది ఇదే. మొన్న ఏరిందీ ఇదే. గోడ పట్టుకుని, తిన్నదంతా కక్కింది. తర్వాత లోపలికి పోయి ఆవాల కుండను పెంటకుప్పమీద బోర్లించి, కుండను రాయితో పగలగొట్టింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

అసహ్యం వెనకనే భయం వచ్చింది. మనిషి కాలులో ఆవాలు మొలుస్తాయా? ఆ ప్రాంతంలో అర్థంకాని ప్రతి రోగానికీ ఒకటే పేరు ఉంది. అది బాణామతి. గిట్టనివాళ్ళు చేయించే చేతబడి. గుర్వమ్మ పొరుగూరి మంత్రగాడు భిక్షపతిని పిలిపించింది. అతడు పాదాన్ని దూరంనుంచే చూసి, గింజను వాసన చూసి, కళ్ళు మూసుకుని అడిగాడు.

“కడుపుతోటి ఉన్నంక బయటోళ్ళ చేతి ఆవ తిన్నదా?”

గుర్వమ్మ ఉలిక్కిపడింది. పక్కింటి పుల్లమ్మ, మొగుడు పోయి ఒంటరిగా బతుకుతున్న మనిషి, కడుపుతో ఉన్న పిల్లకు నోరూరుతుందని ఆవ పెట్టిన మామిడి తొక్కు గిన్నెడు ఇచ్చింది.

“అదే,” అన్నాడు భిక్షపతి. “తిన్న ఆవ కిందికి దిగి కాల్ల మొలిచింది. అమాసనాడు కొడవలి ఎర్రగ కాల్చి బొడిపె బొడిపెకు వాత పెట్టాలె. రసం మాత్రలిస్త, మింగాలె. పాదరసంతోటి కట్టిన మాత్రలు, అగ్గువ సగ్గువవి కావు.”

“కడుపుల పిండం?”

“నిలిస్తె నిలుస్తది. లేకుంటె ఇంకోటి. పెద్దపానం దక్కాలె గద.”

తలుపు చాటున ఉన్న ఈదమ్మ రెండు చేతులతో కడుపు పట్టుకుంది. ఇన్నాళ్ళూ కాలు గురించి రాని భయం ఆమెకు అప్పుడు వచ్చింది.

భిక్షపతి వీధి దాటకముందే మాట ఊరు దాటింది. బాణామతి చేసిందన్న అనుమానం పడితే ఆ ఊళ్ళలో ఆడదాని పళ్ళు రాళ్ళతో రాలగొట్టిన సంగతులు పుల్లమ్మ ఎరుగును. ఆమె పట్టపగలే తలుపు గడియ పెట్టుకుంది.

ఎద్దును కొనడానికి కోస్గి సంతకు పోయిన పర్వతాలు మర్నాడు ఇల్లు చేరాడు. భార్య పాదం చూసి వాకిట్లోనే కూలబడ్డాడు. భిక్షపతి చెప్పిన వైద్యం విన్నాక లేచాడు.

“దవాఖానకు తోలుకపోత,” అన్నాడు.

“దవాఖానల కాలు కోసి పారేస్తరురా,” అంది గుర్వమ్మ.

“జైల్ల నాకు జరమొస్తె సూదిమందేసి బతికిచ్చింది డాక్టరు. భిక్షపతి గాదు.”

“నీకు జరమొచ్చింది. దీని కాల్ల ఆవాలు మొలుస్తున్నయి. రెండూ ఒకటేనా?”

అంతసేపూ చుట్ట కాలుస్తూ కూర్చున్న కాటమయ్య చుట్ట నేలకు రాసి ఆర్పాడు. “అమాస ఇంకా రాలే. ముందుగాల దవాఖానల చూపియ్యి. వాళ్ళతోని గాకుంటె మీ అమ్మ చెప్పినట్టె కానియ్. ఏమే, నువ్వు గూడ పో. నీ చెవులతోని ఇను.”

ముగ్గురూ బండిమీద దేవరకొండ చేరి, అక్కడినుంచి బస్సులో నల్లగొండ పోయారు. పోలీసు చర్య తర్వాత బెజవాడ వైపునుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ అక్కడి దవాఖానలో ఆడవాళ్ళను చూస్తోంది. ఆమె ఈదమ్మను బల్లమీద కూర్చోబెట్టి, కడుపు పట్టి చూసి, బిడ్డ గుండె చప్పుడు విని, బాగుందని చెప్పింది. తర్వాత పాదాన్ని తన ఒడిలోకి తీసుకుంది. చిన్న పట్టకారుతో ఒక గింజను పట్టి తెల్లటి దూదిమీద పెట్టింది.

“ఇవేమిటనుకున్నారమ్మా మీరు?”

“ఆవాలనుకున్నం,” అంది గుర్వమ్మ తల వంచుకుని. “నేల మీద వడ్డయి ఏరి పోపుల గూడ ఏసిన.”

డాక్టరమ్మ చేతిలోని పట్టకారు ఆగిపోయింది. ఎన్నో పుండ్లు చూసిన మనిషికీ ఇది కొత్త. ఆమె గింజను దూదిలో చుట్టి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

“కాగిన నూనెలో పడ్డాక అది ఏమీ చేయదులెండి. తిండితో వచ్చే జబ్బు కాదిది. ఊరగాయమీద బూజు పడుతుంది చూశారా? అటువంటి బూజుల్లో ఒక రకం మట్టిలో, ముళ్ళమీద ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నప్పుడు లోపలికి పోయి అక్కడే పెరుగుతుంది. ఈ గింజలు ఆ బూజు కట్టిన ముద్దలు. అరవదేశంలో మదుర వైపు ఎక్కువగా కనిపించిందని మేము మదుర కాలు అంటాము. ఇది కుష్ఠు కాదు. చేతబడి అసలే కాదు. ఒకరినుంచి ఒకరికి అంటదు. కడుపులో బిడ్డకు పోదు. పాలతోనూ పోదు.”

ఈదమ్మ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది. “మందియ్యి తల్లీ. కాలు తగ్గేటట్టు.”

“నల్ల గింజల రకానికి నమ్మకమైన మందు మా దగ్గరా లేదమ్మా. నీకు అబద్ధం చెప్పను. కోసి తీయవలసిందే. అదీ ఇప్పుడు కాదు. మత్తు ఇచ్చి కోస్తే బిడ్డకు ముప్పు. కడుపుతో ఉంటే ఇది కొంచెం జోరు చేసే మాట నిజమే గాని, మొత్తంమీద నిదానంగా నడిచే జబ్బు. కాన్పుదాకా ఆగవచ్చు. అప్పటిదాకా రోజూ మరగకాచి చల్లార్చిన నీళ్ళతో కడగాలి. ఉడకబెట్టి ఎండలో ఆరేసిన గుడ్డ కట్టాలి. కాలు మట్టిలో పెట్టరాదు. జ్వరం వచ్చినా, కాలు ఎర్రబారి సలిపినా వెంటనే రావాలి. ఆ చీముకు సూదిమందు ఉంది. కాన్పు ఇక్కడే చేస్తాను. నువ్వు తేరుకున్నాక కాలు సంగతి చూద్దాము.”

“కాలు మొత్తం పోతదా?”

“ఎముకలోకి ఎంత దిగిందో అప్పుడు చూస్తే గాని చెప్పలేను. కొంత పోవచ్చు. శెనగగింజంత ఉన్నప్పుడు వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేది.”

“మా దిక్కు ఒకాయన కొడవలి వాత పెడ్తనన్నడు,” అంది గుర్వమ్మ. “పాదరసం మాత్ర గూడ ఇస్తనన్నడు.”

డాక్టరమ్మ గుర్వమ్మ వైపు తిరిగింది. “ఆ మాత్ర ముందు బిడ్డను తింటుంది. ఆ తర్వాత తల్లిని తింటుంది. వాత పెడితే పుండు చీముపట్టి నెలలు నిండకుండానే నొప్పులొస్తాయి. బూజు మాత్రం హాయిగా లోపలే ఉంటుంది. మీరు రేపో మాపో ఇద్దరు మనుషులను చంపుకోబోయారు, తెలుసా?”

గుర్వమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“ముల్లు ఎప్పుడు గుచ్చుకుంది?” అని అడిగింది డాక్టరమ్మ.

ఈదమ్మ మొగుడి వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకుంది. “రజాకార్ల కాలంల. గుట్టకు సద్ది మోస్తుంటి. తుమ్మముల్లు.”

పర్వతాలుకు ఒక్కసారిగా అంతా కళ్ళముందు నిలిచింది. గుట్టమీద బండ చాటు. గంపలో దళానికి జొన్నరొట్టెలు. ఆమె కింద కూర్చుని కాలిలోంచి ముల్లు పీకుతోంది. సగం వచ్చింది, కొస లోపలే విరిగింది. “గింత ముల్లుకేనా మొకం గట్ల పెట్టినవ్? మేము తుపాకులకు ఎదురు వోతున్నం,” అని తాను నవ్వాడు. నవ్వుతూ రొట్టె తిన్నాడు.

డాక్టరమ్మ అతడి కాళ్ళవైపు చూస్తోంది. “మీకు చెప్పులున్నాయే.”

“కొట్లాడి తెచ్చుకున్నం అమ్మా,” అన్నాడు పర్వతాలు. అలవాటు కొద్దీ వచ్చిన మాట అది. “మా ఊర్ల దొర గడి ముంగటికెల్లి పోవాలంటె చెప్పులు చేతుల పట్టుకోవాలె. సంఘం వచ్చినంక చెప్పులేసుకోని నడిచినం. ఊర్ల మొదలు నడిచింది నేనే.”

“ఆడవాళ్ళు?”

జవాబు గుర్వమ్మ చెప్పింది.

“ఆడోళ్ళు చెప్పులేసుకుంటరా తల్లీ? ఇంటికి అచ్చిరాదు. మామ ముంగట, మగని ముంగట చెప్పులతోటి తిరుగుతరా ఎవలన్న?”

“అయితే దొర పెట్టిన కట్టడి పోయింది. మీరు పెట్టిన కట్టడి ఉంది,” అంది డాక్టరమ్మ. “చెలకలో కలుపు తీసేది ఆమె. కట్టెలు ఏరేది ఆమె. గుట్టకు సద్ది మోసింది ఆమె. ముల్లుకు మగవాడెవరో ఆడదెవరో తెలియదు కదా బాబూ.”

ఆమె ఆ మాటను కోపంగా అనలేదు. పాదానికి కట్టు కడుతూ, మామూలుగా అంది. గడి ముందు రొమ్ము విరుచుకుని నడిచిన పర్వతాలు ఆ గదిలోంచి తల వంచుకుని బయటికి నడిచాడు.

బస్సుకోసం నిలబడ్డ చోట నేల కాలిపోతోంది. పర్వతాలు తన చెప్పులు విప్పి భార్య ముందు పెట్టాడు. అది చూసిన ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఈదమ్మ సిగ్గుపడుతూ కాలు పెట్టబోయింది. అతడి చెప్పు ఆమె పాదానికి రెండింతలు ఉండవలసింది. కట్టుతో, వాపుతో ఉన్న ఆ పాదం అందులో పట్టలేదు. ఎంత ఆలస్యంగా గుర్తొచ్చిందో అతడికి ఆ చెప్పే చెప్పింది. అతడు చెప్పులు మళ్ళీ వేసుకోలేదు. ముగ్గురూ వట్టికాళ్ళతోనే బస్సెక్కారు.

ఇల్లు చేరిన మర్నాటికి భిక్షపతి కబురు పంపాడు. మాత్రలు సిద్ధమట. అమావాస్యకు కొడవలి, వేపమండలు ఇంట్లో ఉంచుకోవాలట. మధ్యాహ్నం కాటమయ్య, పర్వతాలు అన్నానికి కూర్చున్నారు. గుర్వమ్మ వడ్డిస్తోంది. ఈదమ్మ కట్టు కట్టిన కాలును పీటమీద పెట్టుకుని లోపలి గడప దగ్గర కూర్చుని ఉంది.

కాటమయ్య ముద్ద కలుపుతూ పెళ్ళాన్ని అడిగాడు. “ఏమే, ఆయనకు ఏమని చెప్పి పంపాలె? వాకిట్ల మనిషి నిలబడ్డడు.”

జవాబు గడప దగ్గరనుంచి వచ్చింది.

“రావద్దని చెప్పు మామా.”

ఆ ఇంట్లో మగవాళ్ళు తింటుండగా కోడలు నోరు విప్పడం అదే మొదలు. కాటమయ్య చేతిలోని ముద్ద చేతిలోనే ఉంది.

“మాత్ర మింగ. వాత పెట్టిచ్చుకోను,” అంది ఈదమ్మ. “కాన్పు దవాఖానల జేసుకుంట. నా బిడ్డను ఎత్తుకున్నంక కాలు కోయిచ్చుకుంట. ఎంత పోతె అంత పోనీ. కుంటుకుంట నడుస్తగని, కడుపులున్నదానికి విషం తాప.”

“తోలుకపోయేది నేను,” అన్నాడు పర్వతాలు.

“ఊరేమంటదో,” అన్నాడు కాటమయ్య, ఎవరితోనూ కాకుండా.

“ఇన్నొద్దులు ఊరు నా కాలు చూసిందా మామా? నువ్వు చూసినవా? అత్త చూసిందా? నేను గూడ సరిగ చూసుకోలే.”

గుర్వమ్మ గంటెను పప్పుకుండలో పెట్టి, వాకిట్లోకి పోయి, భిక్షపతి పంపిన మనిషితో ఇక రావద్దని తానే చెప్పి వచ్చింది. వచ్చి, కోడలి పక్కన గడపమీద కూర్చుంది. ఆమె మాట్లాడినప్పుడు ఇంట్లో అందరికీ వినిపించేటట్టే మాట్లాడింది.

“చెప్పులు కుట్టే జానయ్యను పిలువురా పర్వతాలూ. దీని కట్టుకాలుకు పట్టేటట్టు ఒక జత, నాకొక జత. అన్నం తిన్నంక పుల్లమ్మ తానకు నేనే పోత, నీ తొక్కుల ఏ దోషం లేదు, తప్పు నాదేనని వాడకట్టంత ఇనేటట్టు చెప్పొస్త. నొప్పి లేదని ఆడది ఊకుంటె, పని నడుస్తున్నదని ఇల్లు ఊకుంటె, రోగం గిట్లనే ఎముకదాక పోతది. ఇగ ఈ ఇంట్ల ఎవలమూ ఊకునేది లేదు.”